ఉషార్ వారి కమాను వెంట అయిదు రోజులు

మొదటి రోజు: పారిస్

మా మాస్టారి ఫిడేలు కమాను మీద మూడు గుర్తులున్నాయి. ఒకటి, ఆయన బొటనవేలు ఏళ్ల తరబడి ఆని ఆని కర్ర మీద పడిన చిన్న గుంట. రెండోది వెండి పట్టీ మీద గీత. పన్నెండేళ్ల వయసులో నేను చేయి జార్చినప్పుడు పడింది. మూడోది పట్టుకునే చోటికి కాస్త పైన కర్రలోకి దిగిన అక్షరాలు. వెలుతురులోకి తిప్పి చూస్తేగాని కనబడవు. ఆ ఇంగ్లీషు అక్షరాలను మేమంతా ‘ఎమిల్ ఔచార్డ్’ అని చదువుకునేవాళ్లం.

విజయనగరంలో ఫిడేలు నేర్చుకున్న మా బ్యాచ్ పిల్లలకి అది ‘ఔచార్డ్ కమాను’. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. అక్కడ ఎడమ చేతి వేళ్ల గురించి ఎంత చెబుతారో, కుడి చేతిలో కమాను ఎలా నడవాలో అంతకు రెండింతలు చెబుతారు. మాస్టారు దాన్ని కుర్రతనంలో మద్రాసులో ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. చివరి రోజుల్లో నన్ను పిలిచి, “వాయించేవాళ్ల దగ్గరుంటేనే దీనికి మంచిదమ్మా” అని చేతిలో పెట్టారు. ఆయన పోయి పదకొండేళ్లు.

మా అమ్మాయి స్ట్రాస్‌బర్గ్‌లో చదువుతోంది. ఈ అక్టోబరులో దాన్ని చూడ్డానికి వచ్చేటప్పుడు ఫిడేలు ఇంట్లోనే వదిలేసి, కమాను ఒక్కదాన్నే పీవీసీ గొట్టంలో మెత్తగా గుడ్డ చుట్టి తెచ్చుకున్నాను. వెంట్రుకలు అరిగిపోయాయి, కర్ర కూడా కొద్దిగా పక్కకు వాలింది. బాగు చేయించడానికి మన దగ్గరా మనుషులున్నారు. కానీ దాన్ని పుట్టిన ఊళ్లోనే, ఫ్రాన్స్‌లోని మీర్‌కూర్‌లోనే బాగు చేయించాలని, ఆ పేరు ఎవరిదో తెలుసుకోవాలని ఎప్పటి నుంచో కోరిక.

పారిస్‌లో సెయింట్ లాజార్ స్టేషన్ పక్క నుంచి పైకి వెళ్లే వీధి రూ ద రోమ్. వీధి పొడుగునా ఫిడేలు దుకాణాలే. దగ్గర్లోని రూ ద మద్రిద్‌లో ఒకప్పుడు ఇక్కడి సంగీత కళాశాల ఉండేది. కళాశాల 1990లో లా విలెట్‌కి వెళ్లిపోయింది, దుకాణాలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. ఒక దుకాణంలో పెద్దాయన కమాను తీసుకుని కన్ను దగ్గరికి పెట్టుకుని, తుపాకీ గురి చూసినట్టు కర్ర పొడుగునా చూశారు. తరువాత కళ్లద్దాలు మార్చుకుని అక్షరాలు చదివారు.

“ఎమిల్ ఉషార్.”

నేను మా అమ్మాయి వైపు చూశాను. “చివర ‘డ్’ పలకరమ్మా. ఔ కాదు ఊ, చ కాదు ష” అంది. ముప్ఫై అయిదేళ్లుగా మేం తప్పు పలుకుతున్న పేరు ఒక్క క్షణంలో సరైపోయింది. నాకు కళ్ళల్లో నీళ్లు తిరిగాయి. కమాను అసలుదా కాదా అని అడిగితే ఆయన ఏమీ తేల్చలేదు. “మీర్‌కూర్ వెళ్తున్నారుగా, అక్కడ చూపించండి” అన్నారు.

సాయంత్రం సీన్ నది ఒడ్డుకు వెళ్లాం. పోంనెఫ్ వంతెన దగ్గర, ఇప్పుడు కె ద్యు లూవ్ర అంటున్న చోటే ఒకప్పటి కె ద లెకోల్. ఇవాళ ప్రపంచంలో ఎవరు ఫిడేలు వాయించినా వాళ్ల చేతిలో ఉన్న కమాను రూపం ఇక్కడే స్థిరపడింది. ఫ్రాంస్వా తూర్త్ అనే ఆయన ఇక్కడ పని చేశాడు. అదీ ఒక కుటుంబమే. తండ్రి కమానులు చేసేవాడు, అన్న లెయొనార్ కూడా అదే పని. తమ్ముణ్ణి మాత్రం మొదట గడియారాల పనిలో పెట్టారు. ఎనిమిదేళ్లు అక్కడ చేసి, తరువాత ఇంటి పనిలోకి వచ్చాడు. చదవడం, రాయడం రాదంటారు. పని అయ్యాక ఈ నదిలో గాలం వేసుకుని కూర్చునేవాడట.

ఆయన కంటే ముందు కమాను మన విల్లులాగే బయటికి వంగి ఉండేది. అది పోయి లోపలికి, వెంట్రుకల వైపు వంగిన కమాను వచ్చింది. ఆ వంపును ఆయన కర్ర చెక్కి తేలేదు, వేడి చేసి వంచాడు. చెక్కితే నార తెగుతుంది, వేడితో వంచితే నార తెగకుండా చివరిదాకా నడుస్తుంది. ఫిడేలు కమానుకు 74, 75 సెంటీమీటర్ల పొడవు స్థిరపడింది కూడా ఆయన కాలంలోనే. వెంట్రుకలు తాడులా ముద్ద కట్టకుండా రిబ్బనులా పరుచుకునేందుకు వాటి మీద లోహపు పట్టీ వచ్చింది. మాస్టారి కమాను మీద నేను గీత పెట్టిన ఆ వెండి పట్టీ మూలం ఇక్కడ ఉంది. 1782లో పారిస్‌కు వచ్చిన ఇటలీ విద్వాంసుడు వియోత్తీ లాంటి వాళ్లకి పెద్ద హాల్లో వినపడే నాదం, పొడుగ్గా సాగే నాదం కావాల్సి వచ్చింది. తూర్త్ చేతిలో అవసరానికి తగ్గ కర్ర తయారైంది. ఆయన 1835లో పోయాడు. తన కమానుల మీద పేరు ముద్ర వేసుకునే అలవాటు ఆయనకు లేదు.

నది గోడ మీద చేతులు ఆనించి చాలాసేపు నిలబడ్డాను. పాత ఫిడేలు చూపిస్తే ఎవరైనా ‘ఎవరు చేశారు, ఎప్పటిది’ అని అడుగుతారు. కమాను గురించి అలా అడిగినవాళ్లు నా అనుభవంలో ఇద్దరో ముగ్గురో. నాదం పుట్టేదే దాని రాపిడితో. అయినా చేసినవాడి పేరు ఎవరికీ పట్టదు. ఇది న్యాయం కాదు.

రెండో రోజు: నాన్సీకి

పారిస్‌లోని గార్ ద లెస్త్ స్టేషన్ నుంచి నాన్సీకి టీజీవీ అనే వేగ రైల్లో గంటన్నర. అమ్మాయి పులిహోర కలిపి తెచ్చింది. లొరేన్ ప్రాంతపు కీష్ అనే వంటకానికి ఎంత పేరున్నా అందులో గుడ్డు, మాంసం ఉంటాయి కాబట్టి నాకు పనికి రాదు.

కిటికీలోంచి చూస్తుంటే, మేం ఎదురు దారిలో వెళ్తున్నాం అనిపించింది. మీర్‌కూర్ కుర్రాళ్లు ఇటు నుంచి అటు వెళ్లేవాళ్లు. చిన్న వయసులోనే ఊళ్లో పని నేర్చుకుని పారిస్‌కు పోవడం వాళ్ల ఆనవాయితీ. 1798లో మీర్‌కూర్‌లో పుట్టిన జాన్ బాతిస్త్ వియోమ్ అలాగే వెళ్లి పెద్ద వర్క్‌షాపు పెట్టాడు, తన ఊరి పిల్లల్ని ఒక్కొక్కరినీ రప్పించుకున్నాడు. వాళ్లలో దొమినిక్ పెకాత్ ఒక క్షురకుడి కొడుకు. ఇవాళ ఆయన చేసిన కమాను దొరికితే విద్వాంసులు ఇల్లు అమ్మి కొనుక్కుంటారు. వ్వారాఁ, లామీ, సార్తొరీ, అందరిదీ ఆ ఊరే. పల్నాటి ఊళ్ల నుంచి పిల్లలు హైదరాబాదు కోచింగులకు పోయినట్టు, ఒకరి వెనుక ఒకరు.

నాన్సీలో స్తానిస్లాస్ చౌకు బంగారు పూత ఇనుప గేట్లతో వెలిగిపోతోంది. ఫొటోలు తీసుకున్నాం. నా మనసు మాత్రం గొట్టంలోని కమాను మీదే ఉంది.

మూడో రోజు: మీర్‌కూర్

నాన్సీ నుంచి మీర్‌కూర్‌కు రైలు ఆగిపోయి చాలా ఏళ్లైంది, ఇప్పుడు బస్సే గతి. దారి పొడుగునా మెల్లగా ఎత్తుపల్లాల పొలాలు, తెల్లటి ఆవులు, ఆకులు రాలుతున్న పండ్ల తోటలు. ఊరు మదోన్ అనే చిన్న నది పక్కన ఉంది. జనాభా అయిదు వేలకు అటూ ఇటూ. మన దగ్గర మండల కేంద్రం కంటే చిన్నది. ఇంత చిన్న ఊరు 400 ఏళ్లుగా ఫిడేళ్లు చేస్తోంది, తరువాత కమానులూ చేస్తోంది. ఇంకో పని కూడా ఉండేది, లేసు అల్లిక. ఒకే ఇంట్లో మగవాళ్లు కర్ర చెక్కుతుంటే ఆడవాళ్లు లేసు అల్లేవాళ్లు.

17వ శతాబ్దపు మార్కెట్ హాలు ముందు బస్సు దిగాం. రాతి తోరణాల కింద ఆ ఉదయం ఎవరూ లేరు. వీధుల్లో అక్కడక్కడ ఫిడేలు బొమ్మ ఉన్న బోర్డులు. కొన్ని ఇళ్లకు మామూలు ఇళ్ల కంటే పెద్ద కిటికీలున్నాయి. అవి వర్క్‌షాపులై ఉంటాయని అమ్మాయి అంది. కర్ర పనికి వెలుతురు కావాలి కదా.

మ్యూజియం పేరు ఫ్రెంచి ఫిడేళ్ల, కమానుల తయారీ మ్యూజియం. 1973లో మొదలైంది. అద్దాల వెనుక కమానులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ముందు వాటి మధ్య తేడా తెలియలేదు. అరగంట ఒక్కచోటే నిలబడి చూశాక తల దగ్గర తేడాలు కనిపించసాగాయి. ఒకదాని తల గుర్రం మెడలా విరుచుకుని ఉంది, ఇంకొకటి సన్నగా, హంస ముక్కులా ఉంది. ఈ తలను చెక్కడానికి అచ్చులేమీ వాడరట. కత్తి, ఆకురాయి, కన్ను, అంతే. అందుకే తలను చూసి చేసినవాణ్ణి గుర్తు పడతారు, మనం కలం తీరు చూసి చేతిరాత ఎవరిదో చెప్పినట్టు.

ఇక్కడ వంశాలు చాలా ఉన్నాయి. బజాఁ కుటుంబం నాలుగు తరాలు చేసింది. ఫ్రాంస్వా జావియే బజాఁ 1865లో పోతే, కొడుకు షార్ల్ నికొలా 18 ఏళ్లకే వర్క్‌షాపు భారం మోశాడు. ఆయన తరువాత కొడుకు, ఆ తరువాత మనవడు షార్ల్ ఆల్ఫ్రెద్. ఆయన 1987లో పోయారు. మొరీజో ఇంట్లో తండ్రితో పాటు కొడుకులు కూడా ఇదే పని చేశారు. వీళ్లందరి గురించీ రాయాలని ఉంది కానీ, నా చేతిలో ఉన్నది ఉషార్ వారిది.

ఉషార్ వారిది మూడు తరాల కథ. పెద్దాయన ఎమిల్ ఫ్రాంస్వా 1872లో ఈ ఊళ్లోనే పుట్టాడు. కునియో-హ్యురీ అనే వర్క్‌షాపులో కుర్రాడిగా చేరి, యజమాని పోయాక ఆ పని తనే నడిపి, తరువాత తన పేరుతో పెట్టుకున్నాడు. కొడుక్కి కూడా ఎమిల్ అనే పేరు, ఎమిల్ ఒగ్యుస్త్, 1900లో పుట్టాడు. తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. మొదట ఇక్కడ, తరువాత పారిస్‌లో, యుద్ధం అయ్యాక 1946లో అమెరికాలో పని చేశాడు. బిగువైన, బలమైన కర్రకు ఆయన కమానులు పేరు. చివరికి ఫ్రాన్స్‌కే తిరిగొచ్చి 1969లో పోయాడు.

ఆయన కొడుకు బెర్నార్ 1925లో పుట్టాడు. ఇంట్లోనే పని నేర్చుకుని, జెనీవాలో విదుదే వారి వర్క్‌షాపుకి వెళ్లి ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉన్నాడు. ఈలోగా మీర్‌కూర్‌లో పని ఎండిపోయింది. వెయ్యి మందికి అన్నం పెట్టిన తిబూవిల్-లామీ లాంటి పెద్ద ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. చవకరకం పోటీ వచ్చింది, పాత పనివాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు, కొత్తగా నేర్చుకునేవాళ్లు లేరు. 1970లో ప్రభుత్వం ఇక్కడి లీసేలో, అంటే హైస్కూల్లో, ఫిడేళ్ల తయారీ బడి పెట్టింది. మరుసటి ఏడు కమానుల తరగతి మొదలైంది. దానికి గురువుగా ఎవర్ని పిలవాలంటే, జెనీవా నుంచి బెర్నార్‌ని పిలిచారు.

నలభై అయిదు దాటిన మనిషి, మంచి ఉద్యోగం వదులుకుని, తాతముత్తాతల ఊరికి పాఠాలు చెప్పడానికి తిరిగి వచ్చాడు. అంతకు ముందు ఈ పని ఇంట్లో పిల్లలకో, వర్క్‌షాపులో చేరిన కుర్రాళ్లకో మాత్రమే దక్కేది. ఆయన బల్లల ముందు కూర్చున్నవాళ్లు పరాయి ఇళ్ల పిల్లలు. సంగీతం చదువుకుని వచ్చినవాళ్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. వాళ్లకి తండ్రి, తాత చేతి పట్టు అంతా నేర్పాడు. ఎనిమిదేళ్లే. 1979లో పోయాడు. ఆ తరగతి కూడా తరువాత ఎంతో కాలం నిలవలేదు. కానీ అందులోంచి వచ్చిన స్తెఫాన్ తొమాషో, బెన్వా రొలాఁ లాంటి వాళ్లు ఇవాళ ఈ పనికి పెద్ద దిక్కులు. రొలాఁ అమెరికాలో స్థిరపడ్డాడు, 2012లో అక్కడ పేరున్న మెకార్థర్ ఫెలోషిప్ కూడా వచ్చింది. ఇవాళ ఫ్రెంచి పద్ధతిలో కమాను చేసే చాలామంది విద్యకు ఆ ఎనిమిదేళ్లే మూలం.

బెర్నార్ గురించి చదువుతూ మ్యూజియంలో ఒక స్టూలు మీద కూర్చుండిపోయాను. మా మాస్టారికి పిల్లలు లేరు. మేమే.

సాయంత్రం బస్సు తప్పిపోయింది, మాట్లాడుకుని ఉంచుకున్న గదికి పోవడం కుదరలేదు. కాసేపు టెన్షన్ పడ్డాం. చివరికి ఊళ్లోనే ఒక ఇంట్లో గది దొరికింది. రాత్రి ఇంటావిడ మిరాబెల్ అనే చిన్న పసుపు పళ్ల జామ్ పెట్టింది. మన రేగుపండు అంత పండు, బెల్లం పాకంలా తీపి. లొరేన్ వాళ్లకి మిరాబెల్ మీద ఎంత ప్రేమో చెప్పలేను.

నాలుగో రోజు: కర్ర దగ్గర

పొద్దున్నే తొమ్మిదికి వర్క్‌షాపు. కమాను చేసేవాళ్లని ఫ్రెంచిలో అర్షెతియే అంటారు. యాభై దాటిన ఆవిడ. ఆవిడ గురువు, బెర్నార్ తరగతిలో చదువుకున్న విద్యార్థి. అంటే ఉషార్ వారి ఇంటికి ఆవిడ మునిమనవరాలి వరస అనుకోవచ్చు. నేనలా అంటే అమ్మాయి అనువాదం చేసింది. ఆవిడ కాసేపు ఆగి తల ఊపింది.

ముందు కమాను తీసుకుని వెంట్రుకల మర బిగించింది, వదులు చేసింది, మళ్లీ బిగించింది. కర్ర పొడుగునా చూసింది. మా మాస్టారి బొటనవేలి గుంట దగ్గర వేలు పెట్టి ఆపింది. అక్షరాల మీద భూతద్దం పెట్టింది. కొంతసేపయ్యాక చెప్పింది. ఇది పెద్ద ఎమిల్ కాలంలో ఆ వర్క్‌షాపులో తయారైంది. ఒక్కరి చేతిది కాదు. ఒకరు కర్ర చెక్కి ఉంటారు, ఒకరు ఫ్రాగ్, అంటే పట్టు దగ్గర వెంట్రుకల్ని పట్టి ఉంచే ముక్క, బిగించి ఉంటారు, తల తీర్చింది బహుశా మరొకరు. మంచి కర్ర, నిజాయితీ అయిన పని. లక్షలు పలికే కమాను మాత్రం కాదు.

నేను నిరాశ పడతానేమో అని అమ్మాయి నా చేయి పట్టుకుంది. నాకు నిరాశ కలగలేదు. ఊళ్లో ఎవరెవరివో చేతులు అందులో ఉన్నాయంటే ఇంకా దగ్గరైనట్టనిపించింది.

తరువాత బల్ల మీద సగం అయిన కర్ర ఒకటి చూపించింది. అది పెర్నాంబుకో. బ్రెజిల్ తూర్పు తీరపు అడవుల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగని చెట్టు. ఆ దేశానికి ఆ పేరు వచ్చిందే ఈ కర్ర వల్ల. ఒకప్పుడు యూరప్‌కు ఇది ఎర్ర రంగు కోసం వచ్చేది. దీనికి దగ్గరి చుట్టం మన దేశంలోనూ ఉంది. కేరళ హోటళ్లలో గులాబీ రంగు వేడినీళ్లు ఇస్తారే, పతిముఖం, ఆ చెక్క. ఆవిడ బల్ల మీద రాలిన పొడిని చిటికెడు తీసి గ్లాసులో నీళ్లలో వేసింది. నిమిషంలో నీళ్లు కాషాయం తిరిగాయి. చేతులు చాపి చూపించింది. వేళ్ల మధ్య చర్మానికి ఆ రంగు పట్టి ఉంది, గోరింటాకు వెలిసిపోయే ముందు రంగులా.

కర్ర చతురస్రంగా ఉన్నప్పుడు ఏమీ అర్థం కాదు. చిన్న ఇత్తడి చిత్రికతో నాలుగు పలకల్ని ఎనిమిది పలకలు చేస్తుంది. పలకలు తీరాక గుండ్రం చేస్తుంది. పట్టు దగ్గర ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు ఉన్న కర్ర తల దగ్గరకు వచ్చేసరికి అయిదు మిల్లీమీటర్ల చిల్లరకు సన్నగిల్లాలి. ఆ సన్నగిల్లడం తిన్నగా జరగదు, నియమం ప్రకారం జరుగుతుంది. తూర్త్ కర్రల్ని కొలిచి ఆ నియమాన్ని లెక్క కట్టింది వియోమే. చిత్రిక నడిచినప్పుడల్లా ఉంగరాల జుట్టులా చెక్క తొక్కలు నేల మీద రాలుతున్నాయి. ఒకటి తీసుకుని వాసన చూశాను, కాస్త తీపిగా ఉంది.

వంపు తేవడం నాకు మరీ నచ్చిన పని. చిన్న మంట మీద కర్రను అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి, ఒకచోట ఆగితే మాడుతుంది. ఎప్పుడు తీయాలో థర్మామీటరు చెప్పదు. కర్ర మెత్తబడిన సంగతి వేళ్లకే తెలుస్తుంది. తీసి బల్ల అంచుకు ఆనించి ఒత్తి, చల్లారేదాకా ఊపిరి బిగబట్టి పట్టుకుంది. వేడి తక్కువైతే విరుగుతుంది. ఆ కర్ర పోతే ఇంకోటి రావడం కష్టం. 2007 నుంచి ఈ చెట్టు, అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందపు రెండో జాబితాలో ఉంది. శేషాచలం ఎర్రచందనం అదే జాబితాలో ఉంది కదా, మనకు అర్థమయ్యే బాధే. ఆవిడ గోడవైపు చూపించింది. గురువు నుంచి వచ్చిన పాత దుంగల ముక్కలు, పేర్చి పెట్టి ఉన్నాయి. అవి అయిపోతే ఏం చేస్తారని అడగాలనిపించింది, అడగలేదు.

మాస్టారి కమాను వాలును ఇలాగే వెచ్చజేసి సరిచేసింది. నేను చూడలేక పక్క గదిలోకి పోదామనుకుని, మళ్లీ చూడకపోతే జీవితాంతం బాధ పడతానని అక్కడే ఉన్నాను. మూడుసార్లు వెచ్చజేసింది. నాలుగోసారి కంటి దగ్గర పెట్టుకుని చూసి తల ఊపింది.

కొత్త వెంట్రుకలు గుర్రం తోకవి. నూటయాభైకి పైనే. దువ్వెనతో నీళ్లు తడిపి దువ్వి, ఒక కొస దారంతో బిగించి ముడి వేసి, ముడికి రోజిన్ అనే చెట్టు బంక అంటించి మంటకు చూపించింది. తల లోపల చిన్న గూడు ఉంటుంది, ఆ గూట్లో ముడి పెట్టి, సన్నటి చెక్క మేకు కోసి దిగ్గొట్టింది. జిగురు లేదు. మేకు చెక్క కొలత సరిగ్గా ఉంటే చాలు. ఇక్కడ ఫ్రాగ్‌ను ఓస్ అంటారు. ఎబొనీ ముక్క, కింద జారే ముత్యపు చిప్ప పలక. అక్కడ కూడా అలాగే చెక్క మేకే, వెంట్రుకల్ని రిబ్బనులా పరిచి వెండి పట్టీలోకి తోసింది. వెండి మీద నా గీత కనపడగానే మెరుగు పెట్టి పోగొట్టమంటావా అని అడిగింది. వద్దన్నాను. బొటనవేలి గుంటను కూడా నింపవద్దని చెప్పాను. “ఎందుకు నింపుతాను? అది మీ గురువు పని కదా” అంది.

పాత వెంట్రుకల్ని పారేయకుండా దారంతో కట్టి నాకిచ్చింది. మాస్టారు పోయాక కూడా నేను ఎన్నోసార్లు వెంట్రుకలు మార్పించాను, ఇవి ఆయన వాయించినవి కావు. అయినా బ్యాగులో భద్రంగా పెట్టుకున్నాను.

“ఏదైనా వాయించండి” అని గోడ మీద ఫిడేలు దింపి ఇచ్చింది. నేల మీద కూర్చున్నాను. ఆవిడ కుర్చీ లాగబోయి ఆగిపోయింది. ఫిడేలు తల చీలమండ మీద ఆనించుకుని, తంత్రులు దించి స ప స ప అమర్చుకున్నాను. కొత్త వెంట్రుకలకి రోజిన్ పట్టేదాకా కమాను జారుతూ గాలి శబ్దం తప్ప ఇంకేం రాలేదు. పది నిమిషాలు రోజిన్ రుద్దాక నాదం పట్టింది. మోహన కాసేపు వాయించాను. ఆవిడ నేల మీదికి వంగి, కూర్చుని వాయిస్తుంటే కమాను ఏ కోణంలో తంత్రి మీద నడుస్తుందో పక్క నుంచి చూసింది. గమకం అంతా ఎడమ చేతిలో జరుగుతుంటే కుడి చేతి కమాను మాత్రం ఆగకుండా ఒకే బలంతో పొడుగ్గా సాగాలి, దానికి ఈ కర్ర బిగువు ఎలా పనికొస్తుందో చేతులతో చూపించాను. ఆవిడ కాగితం మీద ఏదో కొలత రాసుకుంది.

అయిదో రోజు: తిరుగు ప్రయాణం

పొద్దున మదోన్ నది మీది వంతెన దాకా నడిచాం. బెర్నార్ పాఠాలు చెప్పిన బడికి ఇప్పుడు వియోమ్ పేరుంది. ఫిడేళ్ల తరగతి అక్కడ నడుస్తోంది. గేటు ముందు కుర్రాళ్లు, అమ్మాయిలు సిగరెట్లు కాలుస్తూ నిలబడ్డారు. ఒకమ్మాయి వేళ్లకు బ్యాండేజీ కట్టి ఉంది.

బస్సులో కూర్చున్నాక విజయనగరం ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం దాటింది. అమ్మగారు, అంటే మాస్టారి భార్య, ఎత్తారు.

“బాగైందా అమ్మా?”

“బాగైందండి. వాలు కూడా పోయింది.”

“గుంట ఉంచారా?”

“ఉంచారండి. ముట్టుకోలేదు.”

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగారు. “ఆ పేరు సంగతి కనుక్కున్నావా? మీ మాస్టారికి చివరిదాకా అదే బెంగ. ఎవరో మహానుభావుడు, పేరైనా సరిగ్గా పలకలేకపోతున్నాం అనేవారు.”

“ఉషార్ అండి. ఎమిల్ ఉషార్.”

“ఉషార్” అన్నారు. పక్కన ఇంకెవరో ఉన్నట్టున్నారు, వాళ్లకి కూడా చెప్పారు. “ఉషార్ గారట.”